అంగలూరు విద్యార్థి, బందరు పత్రిక

గుడివాడకు దగ్గరలో, గుడ్లవల్లేరు మండలంలో అంగలూరు అనే ఊరుంది. కృష్ణా జిల్లాలో ఉపాధ్యాయులు కాదలచిన యువతీయువకులకు ఆ ఊరు చిరపరిచితం. జిల్లా విద్యా శిక్షణ సంస్థ అక్కడే ఉంది. సాహిత్యం చదివినవారికి ఆ ఊరు మరొక కారణంగా తెలుసు. కవిరాజుగా ప్రసిద్ధుడైన త్రిపురనేని రామస్వామి చౌదరి 1887 జనవరి 15న అక్కడ జన్మించాడు. ఆయన జయంతి సభలలో నేను అనేకసార్లు మాట్లాడాను. కవి, హేతువాది, బారిస్టరు, సంఘసంస్కర్త అన్న విశేషణాలు ప్రతి సభలోనూ వరుసగా వినిపిస్తాయి. పటం చుట్టూ పూలదండ పడుతుంది. సభ ముగుస్తుంది. ఆయన ఒకప్పుడు విద్యార్థి అని, విద్యార్థిగా ఉన్నప్పుడే పత్రికకు వ్యాసాలు రాసినవాడని మాత్రం ఎవరూ ఆగి ఆలోచించరు. నేటి మన ఉన్నత పాఠశాలలకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పనికివచ్చే భాగం అదేనని నా అభిప్రాయం. అందుచేత ఆ జీవితాన్ని ఆ కోణం నుంచే మరోసారి చెప్పదలిచాను.

రామస్వామి రైతు కుటుంబంలో పుట్టాడు. ఆయన పుట్టేనాటికి బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయి ముప్పై ఏళ్ళు దాటింది. 1855 తరువాత కాలువల వెంట పారిన నీరు దిగువ డెల్టా సామాజిక చరిత్రనే మార్చివేసింది. మెరక మాగాణిగా మారింది. భూమి ఉన్న శూద్ర కులాల చేతికి ధాన్యం, ధాన్యం వెంట డబ్బు వచ్చాయి. భూమి లేని మాల మాదిగలకు ఆ నీరు తెచ్చిపెట్టింది ప్రధానంగా మరింత కూలిపని. ఒకే కాలువ గట్టున ఒకరికి చదువుకునే అవకాశం, మరొకరికి నాట్లు వేసే అవకాశం లభించాయి. త్రిపురనేని జీవితాన్ని చదివేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు. ఆయన ఎదుర్కొన్న అవమానం ఎంత నిజమో, ఆయనకు దక్కిన ఆధారం కూడా అంతే నిజం.

డబ్బు వచ్చినంత వేగంగా అక్షరం రాలేదు. రామస్వామి మెట్రిక్యులేషన్ పూర్తిచేసేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. తరువాతి కాలంలో తెలుగు నవలకు కొత్త దారి చూపిన ఆయన కుమారుడు గోపీచంద్ పుట్టింది 1910లో. అంటే మెట్రిక్యులేషన్ నాటికే ఆయన గృహస్థు. నేటి లెక్కలో చూస్తే ఆ వయసులో విశ్వవిద్యాలయం నుంచి బయటకు రావాలి. పలకా బలపం పట్టే వయసును కులమూ ఊరూ నిర్ణయించిన కాలమది. అయితే అదే కాలంలో ఆయన రాణా ప్రతాపుడి కథను, పల్నాటి యుద్ధాన్ని ఇతివృత్తాలుగా తీసుకొని రెండు నాటకాలు రాశాడు. పరీక్ష ఆలస్యమైందే తప్ప కలం ఆలస్యం కాలేదు.

1911లో ఆయన బందరు నోబుల్ కళాశాలలో ఇంటర్మీడియెట్‌లో చేరాడు. ఆ కళాశాల చరిత్రలోనే కులం కథ ఒకటి దాగి ఉంది. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ బందరులో పాఠశాల తెరిచినప్పుడు, అగ్రకులాల పిల్లలను ఆకర్షించడమే ఆయన ఉద్దేశం. క్రైస్తవం అందరిదీ అని నమ్మిన వ్యక్తే తన బడి తలుపును మాత్రం కొందరికే తెరిచాడు. రామస్వామి చేరేనాటికి కాలం మారింది కాని, పాండిత్యంపై గుత్తాధిపత్యం పూర్తిగా పోలేదు. ఆ కాలపు బందరులో అవధానం గొప్ప విద్య. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన రోజులవి. ధారణ, ఛందస్సు, సమయస్ఫూర్తి అన్నీ పుట్టుకతో వచ్చే సొత్తులని లోకం భావించేది. రైతుబిడ్డ రామస్వామి విద్యార్థిగా ఉండగానే బందరులో అవధానం చేసి చూపించాడు. దానిని కేవలం ప్రతిభా ప్రదర్శనగా చూస్తే సగమే చూసినట్లు. ఒక కులం సొంతమనుకున్న విద్యను మరొక కులంవాడు నలుగురి ఎదుట, వారు విధించిన నియమాలతోనే చేసి చూపడం అది.

అయితే అవధానం సభతోపాటే ముగిసిపోతుంది. అచ్చు అలా కాదు. బందరులో అచ్చు అంటే కృష్ణాపత్రిక. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 1902లో స్థాపించిన ఆ పత్రికకు 1907 నుంచి సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు. ఆయన దివిసీమవాడు. దివి తాలూకా ముట్నూరులో 1879లో పుట్టి, బందరులో చదువుకొని, రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంలో పెరిగి, 1945లో మరణించేవరకు ఆ కుర్చీని వదలలేదు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగిలిన ఇద్దరు కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య. పత్రికా, పాఠశాలా ఒకే పనికి రెండు చేతులని ఆ తరానికి తెలుసు. ముట్నూరి బ్రాహ్మణుడు. ఆయన పత్రికలోనే అంగలూరు రైతుబిడ్డ రాతలకు చోటు దొరికింది. ఈ ఘటనను ఔదార్యంగా పొగడడం నా ఉద్దేశం కాదు. సంపాదకుడు తలుపు తెరిస్తే ఏమి జరుగుతుందో చూపడమే నా ఉద్దేశం.

1914లో రామస్వామి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. ఇంగ్లండును కాక ఐర్లండును చేరడం ఆయన జీవితాన్ని ప్రభావితం చేసిన విషయమని నేను భావిస్తాను. బ్రిటిష్ సామ్రాజ్యం లోపలే ఉంటూ స్వపరిపాలన కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న దేశమది. హోం రూల్ అనే మాట మనకు వచ్చింది అక్కడి నుంచే. ఆయన వెళ్ళిన రెండేళ్ళకు, 1916 ఏప్రిల్‌లో, ఆ నగర వీధుల్లోనే సాయుధ తిరుగుబాటు జరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో మద్రాసులో అనిబిసెంట్ హోం రూల్ లీగును స్థాపించింది. డబ్లిన్‌లో ఉన్నప్పుడు రామస్వామి న్యాయశాస్త్రంతోపాటు ఆధునిక ఆంగ్ల సాహిత్యాన్నీ ఐరోపా సంస్కృతినీ చదివాడు. హోం రూల్ ఉద్యమాన్ని బలపరచమని కోరుతూ కృష్ణాపత్రికకు వ్యాసాలు పంపాడు. ముప్పై ఏళ్ళ వయసు వచ్చినా ఆయన అప్పటికి విద్యార్థే. తాను చూస్తున్న లోకానికీ తన ఊరి పాఠకుడికీ మధ్య వంతెన కడుతున్న విద్యార్థి. ఆ పనికి నేడు మనం విద్యార్థి పత్రికారచన అని పేరు పెట్టుకుంటున్నాం.

పత్రికకు రాయడం విద్యార్థికి నేర్పేది భాషను మాత్రమే కాదు. పరీక్షలో రాసే సమాధానం దిద్దే ఒక్కరి కోసం. పత్రికలో రాసేది తన వీధిలో, తన ఊరిలో ఉండే పాఠకుడి కోసం. తప్పు రాస్తే అతడు అడుగుతాడు. ఆధారం చూపమంటాడు. ఎవరి గురించి రాశామో ఆ మనిషి మర్నాడు ఎదురవుతాడు. ఆ బాధ్యత అలవడినవాడు పురాణాన్ని చదివినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ కథను చెబుతున్నది ఎవరు, ఎవరి పక్షాన?

రామస్వామి తరువాతి రచనలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. చదువు ముగించుకొని వచ్చి బందరులో కొంతకాలం న్యాయవాదిగా పనిచేశాడు. 1920లో శంబుక వధ నాటకం వచ్చింది. తపస్సు చేసినందుకు శూద్రుడిని రాజు చంపిన కథ అది. తరతరాలుగా ధర్మరక్షణగా చెప్పుకున్న ఆ ఘటనను ఆయన హత్యగా చూసి విచారణకు పెట్టాడు. వేన మహారాజును మునులు చంపిన కథకు ఖూనీ అని పేరు పెట్టడంలోనే న్యాయవాది కనిపిస్తాడు. కురుక్షేత్ర సంగ్రామంలో భారత యుద్ధపు న్యాయాన్యాయాలను తిరగదోడాడు. ఇక సూతపురాణం ఆయన పేరును ఇంటింటికీ చేర్చిన కావ్యం. ఆ పేరు ఎంపికను గమనించాలి. నైమిశారణ్యంలో శౌనకాది మునులకు పురాణాలన్నీ వినిపించినవాడు సూతుడు. కురుక్షేత్రంలో జరిగినది జరిగినట్లు ధృతరాష్ట్రుడికి వినిపించిన సంజయుడూ సూతుడే. వర్ణవ్యవస్థ తక్కువ చేసి చూసిన కులంవాడు ఆ కథలకు గొంతునిచ్చాడు, కాని కథల మీద అధికారం మాత్రం అతడిది కాలేదు. త్రిపురనేని ఆ అధికారాన్ని సూతుడికి తిరిగి ఇచ్చాడు. తెనాలిలో తాను కట్టుకున్న ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నాడు. వార్త మోసేవాడే దానికి అర్థం చెప్పే హక్కుదారు కూడా కావాలన్నది ఆయన జీవిత సారాంశమని నాకు అనిపిస్తుంది.

1922లో తెనాలి చేరిన ఆయన 1925లో అక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించాడు. పురోహితుడు లేకుండా, అర్థమయ్యే తెలుగులో పెళ్ళి జరిపించుకునే పద్ధతిని వివాహవిధి పేరిట రూపొందించి, స్వయంగా పెళ్ళిళ్ళు చేయించాడు. సొంత సీమ ఆయనను మరువలేదు. గుడివాడలో ఏనుగుపై ఊరేగించి గౌరవించారు. 1943 జనవరి 16న, యాభై ఆరేళ్ళు నిండిన మర్నాడు, ఆయన కన్నుమూశాడు. శతజయంతి సంవత్సరం 1987లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలలో ఆయన విగ్రహమూ ఉంది.

జయంతి సభలు ఇక్కడితో ఆగుతాయి. నేను ఇక్కడ ఆగలేను. త్రిపురనేని ఎక్కుపెట్టిన బాణం ప్రధానంగా పైకి, బ్రాహ్మణాధిక్యం వైపు సాగింది. తన పొలాల్లో, తన కులంవారి పొలాల్లో నాటు వేసిన చేతుల గురించి ఆయన రచన అంత తీక్షణంగా మాట్లాడలేదు. కులతత్వంపై యుద్ధం చేసిన ఆ పేరు చివర కులసూచకం నేటికీ నిలిచే ఉంది. ఇది ఆయన్ను తక్కువ చేయడానికి చెబుతున్నది కాదు. ప్రతి కలానికీ ఒక చూపు ఉంటుంది, ఆ చూపుకు ఒక హద్దు ఉంటుంది. శంబుకుడి గురించి ఎంత గొప్పగా రాసినా, శంబుకుడు తానే రాసుకోవడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

ఆ కాలంలోనే శంబుకులు రాయడం మొదలుపెట్టారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో, పంచములన్న పేరును తోసిపుచ్చి తాము ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. శంబుక వధ వెలువడిన 1920లోనే, జనవరి నెలాఖరులో, అంబేద్కర్ మూక్‌నాయక్ పత్రికను ప్రారంభించాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రికను తెచ్చాడు. ఇక్కడొక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అంగలూరు రైతుబిడ్డకు ఉన్న పత్రికలోనే పుట దొరికింది. దళిత రచయితలు పుట కోసం పత్రికనే పుట్టించుకోవలసి వచ్చింది. కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు, చందాదారుల కొరత, అన్నీ వారే మోశారు.

ఈ తేడా నాకు పుస్తకాల్లోనే ఎదురుకాలేదు. నేను దివిసీమలో, ఒక మాలపల్లెలో పుట్టాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత కొన్నేళ్ళకు పుట్టిన తరం మాది. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు. మాకు అది చూసిన సంగతి కాదు, అమ్మ చెప్పిన సంగతి. తొమ్మిదో తరగతిలో ఉండగా మా పాఠశాల గోడ పత్రికకు ఉప్పెనపై వ్యాసం రాయమన్నారు. అమ్మ చెప్పినది చెప్పినట్లు రాశాను. నీరు ఎంత ఎత్తు వచ్చిందో రాశాను. తాడిచెట్టు పట్టుకొని మా మేనమామ ఎలా బతికాడో రాశాను. బియ్యం, గుడ్డలు ఊళ్ళోకి వచ్చిన రెండు రోజుల తరువాత గాని మా పల్లెకు రాలేదని కూడా రాశాను. మా మాస్టారు మంచివారు. నా దస్తూరీని మెచ్చుకున్నారు. వ్యాసాన్ని గోడ మీద అంటించారు. చివరి వాక్యం మాత్రం లేదు. అడిగితే, బాధపెట్టే మాటలు ఎందుకు బాబూ అన్నట్లు భుజం తట్టారు. నా పేరు గోడ మీద ఉంది, నేను చెప్పదలచుకున్నది లేదు. ఆ రోజు నేను ఏడవలేదు. కాని ఏ వాక్యం గోడ మీద నిలుస్తుందో ముందే లెక్కవేసుకొని రాయడం నేర్చుకున్నాను. ఆ అలవాటును వదిలించుకోవడానికి నాకు డాక్టరేటు కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఆ మధ్య గుడివాడ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలకు అతిథిగా వెళ్ళాను. గోడ పత్రిక చక్కగా ఉంది. రంగు కాగితాలపై సూక్తులు, మహనీయుల పుట్టినరోజులు, పండుగల ప్రాశస్త్యం. ఆ బడి పిల్లల జీవితం మాత్రం అందులో ఎక్కడా లేదు. మరుగుదొడ్డికి నీళ్ళు వస్తున్నాయో లేదో లేదు. మధ్యాహ్న భోజనంలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో లేదు. కోతల కాలంలో ఏ పిల్లలు బడికి రావడం లేదో, ఎందుకు రావడం లేదో లేదు. ఎవరు రాశారని అడిగాను. దస్తూరీ బాగున్నవారిని ఎంపిక చేశామన్నారు. దస్తూరీ దిద్దించే తీరిక, చదువు ఉన్న ఇల్లు ఎవరిదో మనకు తెలియనిది కాదు. కులం పేరు ఎత్తకుండానే కులం పనిచేసే తీరు ఇలాగే ఉంటుంది.

విద్యార్థి రాతను పెద్దలు కత్తిరించడం మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో హేజెల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాల విద్యార్థి పత్రికలో టీనేజి గర్భాలు, తల్లిదండ్రుల విడాకుల గురించి వచ్చిన వ్యాసాలను ప్రిన్సిపల్ తొలగించాడు. విద్యార్థులు కోర్టుకు వెళ్ళారు. 1988లో ఆ దేశపు సుప్రీంకోర్టు పాఠశాల పక్షానే తీర్పు ఇచ్చింది. అయితే కాలిఫోర్నియా అంతకు ముందే, 1977లోనే, విద్యార్థి పత్రికల స్వేచ్ఛకు చట్టం చేసి ఉంది. ఆ తీర్పు తరువాత మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అక్కడ దాన్ని హక్కుగా వాదించుకున్నారు. ఇక్కడ మనకు అది వాదించవలసిన విషయమన్న స్పృహే ఇంకా కలగలేదు.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి ఉన్నత పాఠశాలలో విద్యార్థులే నడిపే పత్రిక ఒకటి ఉండాలి. అది గోడ మీద అంటించే నాలుగు కాగితాలైనా చాలు. సంపాదకవర్గం ప్రతి రెండు నెలలకూ మారాలి. అందులో పల్లె నుంచి, కాలనీ నుంచి, రేవు నుంచి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు తప్పక ఉండాలి. ఎంపికకు దస్తూరీ కొలబద్ద కారాదు. రాయలేనివాడు సంగతి చెబితే రాయగలిగినవాడు అతడి పేరుతోనే రాయాలి. ఉపాధ్యాయుడు నిజానిజాలు సరిచూడటం నేర్పాలి. వాక్యం తీసివేయవలసి వస్తే ఎందుకు తీసివేస్తున్నాడో ఆ విద్యార్థికి కారణం చెప్పాలి. జిల్లా దినపత్రికలు నెలకొక్క పుటను ఈ పిల్లలకు కేటాయించాలి. కృష్ణాపత్రిక పుట్టిన గడ్డ మీద ఇది అడగరాని కోరిక కాదు.

దీనికి తొలి అడుగు అంగలూరులోనే పడాలని నేను కోరుకుంటున్నాను. రేపటి ఉపాధ్యాయులు శిక్షణ పొందేది ఆ ఊరిలోనే. విద్యార్థి పత్రికను ఎలా నడిపించాలో, పిల్లవాడి ఇబ్బందికరమైన వాక్యం ఎదురైనప్పుడు ఏమి చేయాలో వారికి అక్కడే నేర్పవచ్చు. సూతుడికి మాట హక్కు తిరిగి ఇచ్చిన మనిషి పుట్టిన ఊరిలో, శంబుకుడి బిడ్డలకు కాగితం ముక్క అందించే విద్య మొదలైతే, జయంతి నాటి పూలదండకు అప్పుడు అర్థం ఉంటుంది.

మా మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన మీద నాకు కోపమూ లేదు. ఇన్నేళ్ళకు ఆ వాక్యాన్ని ఈ పత్రికలో రాయగలిగాను. నేడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల మాత్రం తన వాక్యం కోసం ప్రొఫెసర్ అయ్యేదాకా ఆగనవసరం లేదు.